తిమ్మిరెక్కని నాలుక

నసీనూ, సువా
17 అక్టోబరు 2001, బుధవారం

శోభనకు సత్య నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం. సింగటోకాలో నువ్వూ, మీ పిన్నిగారూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమంటే ముందు క్షేమం, తరువాత వానలు, ఆ తరువాత పంట, అన్నిటికీ ఆఖరున అసలు సంగతి అని వాయినికోరో బడిలో సామి మాస్టారు నేర్పారు. క్షేమం అయిపోయింది. వానలు బాగా పడుతున్నాయి. పంట మాకిప్పుడు లేదు. అసలు సంగతి దగ్గరే మూడు రోజులుగా కలం ఆగిపోతోంది.

ఈ కవరులోనే ఇంగ్లీషులో టైపు చేసిన ఇంకో ఉత్తరం ఉంది. అది డాక్టర్ సతేంద్రగారిది. నీ చిరునామా రాసి పోస్టు చెయ్యమని నాకే ఇచ్చారు. మందు గొట్టాలు విప్పి లోపలి పొడి రుచి చూడమని నువ్వు పేషెంట్లకు చెప్పావా లేదా అన్నది అందులోని ప్రశ్న. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం కమిటీ కూర్చుంటుంది. చెప్పావని తేలితే నీ గురువారం పేషెంట్లు ఇరవై ఆరుగురి కాగితాలూ పరిశోధనలోంచి తీసేస్తారు. నిన్ను ఇక ఏ పరిశోధనలోకీ రానివ్వరు. జవాబు రాకపోయినా చెప్పినట్టే లెక్క. కాబట్టి వెంటనే జవాబు రాయి. నువ్వు చెప్పలేదని నేను నమ్ముతున్నాను.

ఆ జవాబు రాసేముందు మాత్రం ఇది చదువు. ఇందులో చాలా మటుకు నీకు తెలిసినవే. అయినా మొదటి నుంచి వరసగా రాసుకుంటే తప్ప నేను ఎక్కడ దారి తప్పానో నాకే కనపడేలా లేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఆఫీసులో మనం తెలుగు చీటీలు అటూ ఇటూ పంపుకునేది డాక్టరుగారికీ నర్సుకూ చదవడం రాదనే కదా. నీ చీటీల్లో ఒత్తులు తప్పుగా ఉండేవి. నేను ఎర్ర కలంతో దిద్ది తిప్పి పంపేదాన్ని. నువ్వు నవ్వుకునేదానివి. నేను దిద్దింది నవ్వుకోవడానికి కాదు శోభనా. నీకంటే నాకు బాగా వచ్చిన పని ఆ ఆఫీసులో అదొక్కటే.

నాకు నీ మీద అసూయ. రాసేశాను. ఇక మిగతాది రాయడం కొంచెం తేలిక.

అది ఇంటర్వ్యూ రోజునే మొదలైంది. నేను నౌసోరీ బస్సు దిగి వానలో నడిచి వచ్చాను. బూట్లలో నీళ్ళు. నువ్వు మీ నాన్నగారి కారులో దిగావు. ఆంధ్ర సంఘం సభల్లో స్వాగత పత్రం చదివే ఆయన కూతురివని అక్కడ అందరికీ తెలుసు. మా నాన్న అప్పలస్వామి చెరుకు మిల్లు కాగితాల మీద సంతకం చెయ్యడానికి మాత్రమే అక్షరాలు నేర్చుకున్నాడు. మా అమ్మ వెంకటమ్మకు అదీ రాదు. మా ఇంట్లో బడికి పోయి పూర్తి చేసినదాన్ని నేను ఒక్కదాన్నే. ఉన్నవి రెండు ఉద్యోగాలు, మనిద్దరికీ వచ్చాయి. సాయంత్రం నువ్వు కారు ఆపి ఎక్కమన్నావు. సీటు తడుస్తుందని నేనంటే, తడిస్తే ఆరుతుందిలే ఎక్కవే అన్నావు. దారంతా నీ మంచితనం మీద కోపంతో కూర్చున్నాను. ఎదటి మనిషి చెడ్డదైతే అసూయ పడడం సులువు.

పరిశోధన ఏమిటో డాక్టరుగారు మనకు చెప్పిన మాటలు నాకు ఇంకా కంఠతా వచ్చు. ఫీజీలో మగవాళ్ళు సాయంత్రం కూర్చుని తాగే యంగోనా వేరుకు మనసు నిదానించే గుణం ఉందంటారు కదా. భయం జబ్బు ఉన్నవాళ్ళకు అది నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలి. సగం మందికి వేరు సారం నింపిన గొట్టాలు, సగం మందికి అదే రంగు కలిపిన కసావా దుంప పిండి నింపినవి. ఎవరికి ఏది వెళ్ళిందో రాసిన పట్టీ మందుల గది ఇనప బీరువాలో ఉంటుంది. వాళ్ళకూ తెలియదు, మనకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. తెలిస్తే మనసు మోసం చేస్తుంది, అందుకే ఈ గంతలు అన్నారు. మంగళవారం వాళ్ళు నాకు, గురువారం వాళ్ళు నీకు. వారం వారం పద్నాలుగు ప్రశ్నలు అడిగి మార్కులు వెయ్యాలి. మార్కులు తగ్గితే భయం తగ్గినట్టు. దానితో పాటు ప్రతివాళ్ళూ తాము భయపడే పనిలో ఒక చిన్న ముక్క ఎంచుకుని ఆ వారంలో చెయ్యాలి.

పేషెంట్లకు ఆ సంగతి చెప్పే కాగితాన్ని హిందీలోకీ తెలుగులోకీ రాసింది నేను. భయం తగ్గాక కాదు, భయంతోనే ఒక అడుగు. ఆ వాక్యం కోసం రెండు రోజులు ఆలోచించాను. ఇంగ్లీషులో అది చాలా పొడుగ్గా ఉంది.

మా అమ్మ పేరు నేనే ఇచ్చాను. నీకు ఆమె చెప్పే ఉంటుంది, బహుశా నాకంటే ఎక్కువే చెప్పి ఉంటుంది. లీజు ముగిసి వాయినికోరో చెరుకు భూమి వదిలి మేము సువాకు వచ్చిన కొత్త. కిందటి ఏడు మే నెలలో, తుపాకులవాళ్ళు పార్లమెంటును పట్టుకున్న ఆ శుక్రవారం ఆమె కూరగాయలకని పట్నం పోయింది. దుకాణాలు పగలగొట్టారు, పొగ లేచింది, బస్సులు ఆగిపోయాయి. తెలియని జనంతో పాటు ఇంటిదాకా నడిచి వచ్చింది. చేతిలో ఒక చెప్పు ఉంది, రెండోది ఎక్కడ పోయిందో తెలియదు. ఆ రోజు నుంచి బస్సు చప్పుడు వింటే చాలు, గుండె దడ, చేతులు చల్లబడడం, ఊపిరి అందకపోవడం. గుడి పంతులు తాడు కట్టాడు. నాన్న, ఒక బిలో యంగోనా పుచ్చుకోవే వెంకటమ్మా, ప్రపంచం తేలికైపోతుంది అన్నాడు. అమ్మ ఆ బిలో కొబ్బరి చిప్పను ఆయన మీదకే విసిరింది. సంవత్సరం పాటు గేటు దాటలేదు.

బంధువులను మన జాబితాలో వేసుకోకూడదు కాబట్టి ఆమె గురువారం పడింది. నీకు పడింది. ముందు రెండు వారాలు డాక్టరుగారి వ్యాను వచ్చి తీసుకుపోయేది.

మూడో వారం ఆమె బస్టాపు దాకా నడిచి, ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయేదాకా నిలబడి, తిరిగి వచ్చింది. వచ్చి పిండి కలుపుతూ నాతో ఏమందో తెలుసా? భయం తగ్గాక కాదు సత్యా, భయంతోనే ఒక అడుగు అట, ఆ శోభన పిల్ల ఎంత బాగా చెప్పిందో అంది. ఆ వాక్యాన్ని నేను ఆమెకు మా వంటగదిలో వందసార్లు చెప్పి ఉంటాను. అప్పుడల్లా, ఛల్ ఛల్, పెద్ద డాక్టరు వచ్చింది, ఉప్పు అందుకో అనేది. అదే మాట నీ నోట్లోంచి వస్తే పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

నీ దగ్గర ఏముంది, నా దగ్గర ఏం లేదు అని అడిగాను ఒకసారి. మా అమ్మ భాష నీకు తెలుసు కదా, సగం తెలుగు, సగం ఫీజీ హిందీ. ఊ సునే, తుమ్ ఖాలీ లిఖో అంది. ఆ పిల్ల వింటుందే, నువ్వు ఊరికే రాస్తావు అని. రొట్టె తిరగేస్తూ, నా వైపు చూడకుండానే అంది. తిట్టడానికి కాదు, అడిగాను కాబట్టి చెప్పింది.

తరువాత ఒక గురువారం ఏదో పని కల్పించుకుని మీ గది కిటికీ పక్కన నిలబడి చూశాను. నువ్వు ప్రశ్న అడిగి కలం కింద పెట్టేశావు. అంతే. అవతల రామ్ ప్రసాద్ కూర్చుని ఉన్నాడు, రేవా వంతెన దాటలేక టాక్సీ ఇంట్లో పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నువ్వూ మాట్లాడలేదు. నేనైతే ఆ వ్యవధిలో నాలుగు ప్రశ్నలు పూర్తి చేసేదాన్ని. చివరికి ఆయన, మేడమ్ జీ, ఈ గుండె నా మాట వినదు, మీరు అడిగితే మాత్రం బుద్ధిగా కూర్చుంటుంది, మీ ఇంటికే తీసుకుపోండి అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆయన కాగితం పొట్లంలో నీకు పొడుగు చిక్కుళ్ళు తెచ్చాడు. నాకు మంగళవారాల్లో ఎవరూ ఏమీ తేలేదు, బసంతీ బామ్మ ఒక్కసారి చింతపండు తెచ్చింది తప్ప. మరుసటి వారం నేనూ కలం కింద పెట్టి చూశాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు, కోన్చీ, ఏమైంది మేడమ్, కలంలో సిరా అయిపోయిందా అని అడిగారు.

గోడమీద డాక్టరుగారు గీసిన మార్కుల పటం గుర్తుందా? నీలం గీత మంగళవారం, ఎర్ర గీత గురువారం. నీలం గీత వాయినికోరో చెరుకు పొలంలా బల్లపరుపు. ఎర్ర గీత మెట్లు దిగినట్టు దిగుతూ పోయింది. ప్రతి ఉదయం ఆఫీసు తాళం తీసేది నేనే కాబట్టి, ఫ్యాను వెయ్యకముందే నాకు ఆ గీత కనపడేది. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారు కదా, మా నాయనమ్మ ఇతరుల గురించి ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేదాన్ని. డాక్టరుగారు అతిథులను తెచ్చి పటం చూపించి, ఇది మిస్ శోభన పని అనేవారు. తరువాత మర్యాద కోసం, మిస్ సత్య కాగితాలు చాలా శుభ్రంగా ఉంటాయి అనేవారు.

ఏడో వారం మా అమ్మ ఒక్కత్తే బస్సెక్కి సువా మార్కెట్టుకు పోయి వచ్చింది. నేను ఇంటికి వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉంది. ఒళ్ళో డాలో చేమాకుల కట్ట. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. నాన్న ఊళ్ళో అందరికీ చెప్పి వస్తున్నాడు. నేను మెట్టు ఎక్కకముందే, గురువారం ఇంకా మూడు రోజులుంది, శోభనకు ఎలా చెప్పను, మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తుతుందా అని అడిగింది. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను శోభనా. నేను ఆమె కూతురిని.

ఇక నేను చేసిన తప్పు రాస్తున్నాను. మర్నాడు ఉదయం ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మందు సీసాలోంచి ఒక గొట్టం తీసుకున్నాను. అరచేతిలో విప్పి, పొడి నాలుక మీద వేసుకున్నాను. వాయినికోరోలో చిన్నప్పుడు నాన్న తాగి పెట్టిన బిలో అడుగున మిగిలింది దొంగతనంగా నాకేదాన్ని. యంగోనా అయితే నాలుక తిమ్మిరెక్కుతుంది, పెదవులు మనవి కానట్టు ఉంటాయి. ఫీజీలో పుట్టిన పిల్లి కూడా అది గుర్తుపడుతుంది. సింకు దగ్గర నిలబడి తిమ్మిరి కోసం చూశాను. ఎక్కలేదు. ఎంతసేపటికీ ఎక్కలేదు. చప్పటి పిండి.

అది మందైతే నేను ఓర్చుకునేదాన్ని. మందు తగ్గించింది, మధ్యలో శోభన అయినా సత్య అయినా ఒకటే అని సర్దిచెప్పుకునేదాన్ని. అది పిండి. మా అమ్మను బస్సెక్కించింది నువ్వు.

ఆ తరువాత జరిగింది నీకు తెలుసు. పరిశోధనలో గొట్టాలు విప్పి రుచి చూసే అలవాటు పాకింది. ఎవరో ఒకరు ఒక మాట అన్నారు, ఆ మాట మార్కెట్టులో, బస్సుల్లో, గుళ్ళో తిరిగింది. సెప్టెంబరు మూడో వారం రామ్ ప్రసాద్ చొక్కా జేబులోంచి విప్పిన గొట్టం పడితే నర్సు చూసింది. నువ్వేం చేశావయ్యా అంటే, అందరూ చూస్తున్నారు, నేనూ చూశాను, క్లినిక్ అమ్మాయే చెప్పిందట కదా అన్నాడు. ఏ అమ్మాయి అంటే ఆయనకు తెలియదు. గురువారం పేషెంటు కాబట్టి గురువారం అమ్మాయే అని నర్సు అనుకుంది.

డాక్టరుగారు మనిద్దరినీ పిలిచారు. నేను చెప్పలేదండీ అన్నావు నువ్వు. నేనూ అదే మాట అన్నాను. తరువాత నన్ను ఒక్కదాన్ని పిలిచారు. ఆ గదిలో ఏం జరిగిందో నీకు తెలియదు. శోభన మీద నీకు అనుమానం ఉందా అని ఆయన అడిగారు. చెప్పలేనండీ, కానీ ఆ ఎర్ర గీత అంత వేగంగా దిగుతుంటే నాకు ముందే ఏదో తేడాగా అనిపించింది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నువ్వూ ఆ మాట అంటావనుకోలేదు, మీరిద్దరూ స్నేహితులు కదా అన్నారు. స్నేహితులం కాబట్టే ఇన్నాళ్ళూ చెప్పలేదండీ అన్నాను. ఆ వాక్యం అంత నున్నగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. భయం తగ్గాక కాదు అనే వాక్యానికి రెండు రోజులు పట్టింది. దీనికి ఒక్క క్షణం పట్టలేదు.

మర్నాడు నీ కుర్చీ ఖాళీ. నీ కప్పు మాత్రం సింకు పక్కన ఉండిపోయింది. అది ఎవరూ తీయడం లేదు, నేనూ తీయడం లేదు.

ఇప్పుడు గురువారాలు కూడా నేనే కూర్చుంటున్నాను. నీ కుర్చీలో కూర్చుంటే నీ మనుషులు నా వాళ్ళవుతారని నాలో ఏ మూలో ఉండి ఉంటుంది. రామ్ ప్రసాద్ మొదటి గురువారం చిక్కుళ్ళు తెచ్చాడు. మన మేడమ్ ఎక్కడ అని అడిగాడు. సింగటోకా వెళ్ళారన్నాను. పద్నాలుగు ప్రశ్నలకూ హా జీ, నహీ అని జవాబు చెప్పి చిక్కుళ్ళు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తరువాతి వారం టాక్సీ మళ్ళీ వంతెన ఇవతలే ఆగిపోయిందట. ఎర్ర గీత పైకి తిరిగింది. అది చూస్తే సంతోషంగా ఉంటుందనుకున్నాను. లేదు.

మా అమ్మ ప్రశ్నలు నేను అడగకూడదు కాబట్టి నర్సు అడగాలి. కానీ అమ్మ రావడం లేదు. మొదటి గురువారం కడుపునొప్పి అంది. రెండో గురువారం వానంది. మూడో గురువారం ఏమీ అనలేదు, వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ ఉంది. ఈ మూడు వారాల్లో ఒక్క బస్సు కూడా ఎక్కలేదు.

అందుకే అడుగుతున్నాను. కమిటీకి గట్టిగా రాయి. నువ్వు చెప్పలేదని రాయి. నీ మీద అనుమానం వేసింది సత్య, అది అసూయతో వేసింది అని కూడా రాయి. ఈ ఉత్తరాన్నే పంపినా ఫర్వాలేదు, తెలుగు చదివేవాళ్ళు సంఘంలో దొరుకుతారు. నువ్వు తిరిగి వస్తే నీ కప్పు కడిగి పెడతాను. నీ ఒత్తులు ఇక దిద్దను.

ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. మీ పిన్నిగారికి నమస్కారాలు.

నిన్ను చూసి ఓర్వలేని, నువ్వు లేక తోచని
సత్య

తా.క. గురువారం ఉదయం రాస్తున్నాను. మొదట మా వంటగదిలో మొదలుపెట్టాను, మిగతాది ఇప్పుడు బస్టాపులో.

రాత్రి ఉత్తరం అంటించకుండా పెట్టి పడుకున్నాను. పొద్దున్నే అమ్మ చూసి, ఎవరికి ఇంత పొడుగు చిట్ఠీ అంది. నీకు అన్నాను. చదువు, నేనూ వింటాను అంది. చదవనన్నాను. శోభనకు చెప్పేది నాకు చెప్పకూడదా అంది. ఆ మాటను నేను ఇంకా ఎన్నిసార్లు మింగను? కూర్చుని మొత్తం చదివాను.

గొట్టం విప్పి రుచి చూసిన దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతావు అంటే, పాగల్, అది పిండి అని నాకు మొదటి రోజే తెల్సు అంది. ముప్పై ఏళ్ళు మీ నాయనకు యంగోనా దంచి పెట్టిన చెయ్యి నాది, వాసన చూసి ఏ దీవి వేరో చెప్తాను, నీ గొట్టాలు నన్ను మోసం చేస్తాయా, ఇంటికి తెచ్చిన పూటే విప్పి నాకి చూశాను అంది. మరి చెప్పలేదేం అన్నాను. చెప్తే, నీది ఖాళీ పిండి, నువ్వు గురువారం రావద్దు అనేవారు కదా, నేను పిండి కోసం పోయానా, ఆ పిల్ల దగ్గర కూర్చోవడానికి పోయాను అంది. ఆ మే శుక్రవారం రోడ్డు మీద ఏం చూసిందో నాకూ నాన్నకూ చెబితే మేము బెదిరిపోతామట. నీకు చెప్పుకుందట.

అంటే శోభనా, వేరు దంచే ఇళ్ళవాళ్ళ ముందు వేరు పొడిని దాచగలమనుకున్నాం. ఇనప బీరువా, సీలు వేసిన పట్టీ, మనిద్దరి కళ్ళకు గంతలు, అన్నీ సరిగ్గానే చేశాం. వాళ్ళకు నాలుక ఉందని మాత్రం మరిచాం.

నవ్వు ఆగాక అమ్మ, చిట్ఠీ అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. మరి బసంతీ మాట ఏది అంది.

మడతపెడుతున్న కాగితాలు మళ్ళీ విప్పాను.

బసంతీ బామ్మ, మా అమ్మ ఒకే గుడికి పోతారు. అమ్మకు మూడు వారాలుగా తెలుసు. నేను ఎప్పుడు చెప్తానా అని చూస్తోంది. అందుకే గురువారాలు రాలేదట. నా కూతురు అబద్ధం మీద కూర్చున్న కుర్చీ ముందుకు నేను రాను అంది. బస్సు భయం కాదట.

నువ్వు చెప్పలేదని నమ్ముతున్నానని పైన రాశాను. నమ్మడం కాదు, తెలుసు. చెప్పింది నేను. అమ్మ సీసాలోని గొట్టం నేను రుచి చూసిన ఆ రోజు మంగళవారం. బసంతీ బామ్మ చింతపండు తెచ్చిన రోజు. అప్పటికి ఆమె ఇంట్లో ఒంటరిగా ఒక పూట ఉండగలుగుతోంది, నీలం గీతలో దిగుతున్న మనిషి ఆమె ఒక్కతే. బేటీ, ఈ గోలీ అసలీ హై కి నకలీ అని అడిగింది. ప్రతి వారం అడిగేదే. ప్రతి వారం, నాకూ తెలియదు బామ్మా అనేదాన్ని. ఆ రోజు నా నోట్లో ఇంకా ఆ చప్పటి పిండే ఉంది. విప్పి నాలుక మీద వేసుకో, నీకే తెలుస్తుంది అన్నాను. ఆమె నా ముందే వేసుకుంది. కాసేపు చూసింది. నకలీ అంది, చాలా మెల్లగా. మరుసటి మంగళవారానికి మళ్ళీ మనవడిని వదిలి ఉండలేకపోయింది. ఆమె మార్కులు నేనే వేశాను, శుభ్రంగా.

ఆ ఎవరో ఒకరు నేను. నేనూ చెప్పలేదు అని నీ పక్కన నిలబడి అన్నది అబద్ధం. ఉత్తరమంతా రాసి, ఈ ఒక్కటి దాచి, నిన్ను గట్టిగా జవాబు రాయమని సలహా ఇచ్చాను. చదువుతుంటే నాకే నా రాత ఎంత బాగుందో అనిపించింది.

డాక్టరుగారికి ఇంగ్లీషులో ఒక పేజీ రాసి సంచిలో పెట్టుకున్నాను. తారీఖు, బసంతీ బామ్మ పేరు, నేనన్న మాట, అన్నీ ఉన్నాయి. ఆయన బల్ల మీద పెట్టి, బసంతీ బామ్మకు క్షమాపణ చెప్పి, ఆ తరువాత ఈ కవరు పోస్టు చేస్తాను. కాబట్టి ఇది నీకు అందేసరికి కమిటీకి తెలిసి ఉంటుంది. నువ్వు ఏ జవాబూ రాయనక్కరలేదు. నా ఉద్యోగం ఉండదు. ఆ కుర్చీ నీది.

అమ్మ నాతో వస్తోంది. నువ్వు ఒక్కదానివి పోలేవు అంది. నిజమే. నౌసోరీ వైపు నుంచి బస్సు మలుపు తిరిగింది, ఇక్కడికి కనపడుతోంది. నా చేతులు చల్లగా ఉన్నాయి, అక్షరాలు వంకరపోతున్నాయి, నువ్వు దిద్దుకో. పద్నాలుగు ప్రశ్నలూ నన్ను అడిగితే ఈ పూట నాకెన్ని మార్కులు వస్తాయో తెలియదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఇప్పుడే అంది. భయం తగ్గాక కాదు బేటీ, భయంతోనే ఒక అడుగు, మన శోభన చెప్పలేదూ అని.

అది నేను రాసిన వాక్యం అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమెకు అది నీదే.